బాతు బస్సుకి వేసిన సర్వే ముడి

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినవాడు గోపాలరావు. నా కథే. నాకే చెప్పేడు. ఈ దేశంలో మేముండే పేట ట్రుగనీనా పార్కులో ఎవరో పిల్లాడి పుట్టినరోజు బార్బీ, అదే, నిప్పుల మీద కాల్చుకు తినే విందు, జరుగుతోంది. కాగితం ప్లేటులో కాల్చిన మొక్కజొన్న పొత్తు పెట్టుకుని, పక్కన ఎవరున్నారో కూడా చూసుకోకుండా, "బాతు బస్సులో ఒక పెద్దాయన ఏం చేసేడో తెలుసా" అని మొదలెట్టేడు. సగం దాకా నేనూ నవ్వేను. ఆ పెద్దాయన నేనేనని తెలిసేక ఇంక నవ్వలేదు.

గోపాలరావంటే తణుకులో లెక్కల మాస్టారుగా చేసి, కొడుకు దగ్గరికి వచ్చినాయన. నా పేరు ఎలియాజర్. ఆయన ఏలియా అని పిలుస్తాడు. ఏలియా వేరండీ, ఎలియాజర్ వేరు, బైబిల్లో ఇద్దరూ వేరువేరు మనుషులు అని ఎన్నోసార్లు చెప్పేను. "ఏదో ఒకటి లెండి" అన్నాడు. పేరు సరిగ్గా పలకనివాడు కథ సరిగ్గా చెప్తాడా? ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట మరీ తప్పు. ఆ మాటేమిటో చివర చెప్తాను.

అందుకని మొన్న శనివారం చలపతి గ్యారేజీలో అసలు జరిగింది నేనే చెప్పేను. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. రాత నాకు అంతంతమాత్రం. రాజోలు తాలూకాలో సర్వేవాళ్ళ దగ్గర కొలత గొలుసు లాగినవాణ్ణి. అంకెలు బాగా వచ్చు, అక్షరాలు గుడ్డి. ఒత్తులు ఎగిరిపోతే మీరే పెట్టుకోండి.

చలపతి కంప్యూటర్ల ఉద్యోగం. మా తెలుగు సంఘానికి సెక్రటరీ. వచ్చే ఆదివారం పెద్దవాళ్ళందర్నీ మళ్ళీ అదే బాతు బస్సు ఎక్కిస్తున్నాడు. వెళ్ళేవాళ్ళ పేర్లు ఫోన్లోంచి చదివేడు. మా ఆవిడ అమృతం పేరుంది. గోపాలరావు పేరుంది. నా పేరు లేదు. "అంకుల్, ఈసారి మీరు రెస్ట్ తీసుకోండి" అన్నాడు. అంటే ఏమన్నమాట? కట్టుకున్న పెళ్ళాం గోపాలరావు వెనకసీట్లో కూర్చుని సముద్రం చూస్తుంటే, నేను ట్రుగనీనాలో గోడౌన్లు చూస్తూ కూర్చోవాలి.

అమృతం చేసిన చెక్కల సంచీ బల్ల మీద పెట్టేను. సంచీ మూతికి నల్లటి పటకా, నడుం పట్టీలాంటిది, ఒకటి కట్టి ఉంది. "ముందు కథ, తరవాత చెక్కలు" అన్నాను. గ్యారేజీ తలుపు పైకెత్తే ఉంది. చలపతి, వాళ్ళావిడ కాత్యాయని, పక్కింటి కుర్రాడు కార్తికేయ మడత కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. కాత్యాయని కరీంనగర్ పిల్ల, టీ బాగా పెడుతుంది. కార్తికేయ ఇంజినీరు, అనుమానాలు బాగా పెడతాడు. అమృతం మూల కూర్చుని మనవరాలికి స్వెట్టరు అల్లుకుంటోంది.

ఇక నేను చెప్పింది ఇది.

"బాతు బస్సంటే తెలియనివాళ్ళు వినండి. బస్సూ అదే, పడవా అదే. నేల మీద చక్రాలతో నడుస్తుంది. రేవు దగ్గర సిమెంటు ర్యాంపు ఉంటుంది, అది దిగి అలాగే నీళ్ళలోకి పోతుంది, అక్కణ్ణుంచి వెనకాల పంకా తిప్పుకుంటూ పడవైపోతుంది. పసుపు రంగు, పైన టాపు, ముందు బాతు ముక్కు. ఇంక నేను చేసిందంటారా, చిన్న పని. గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు. డ్రైవర్ని ఒకే మాట అడిగేను. 'బాబూ, బిరడా పెట్టేవా?' అంతే."

"బిరడా ఏంటి అంకుల్?" అన్నాడు కార్తికేయ.

"అడుగున కన్నం ఉంటుందయ్యా. నేల మీద ఉన్నప్పుడు లోపలి నీళ్ళు కారిపోడానికి బిరడా తీసేస్తారు, నీళ్ళలో దిగేముందు మళ్ళీ పెట్టాలి. నా మాట వినేసరికి డ్రైవరు మొహం తెల్లబోయింది."

"ముందుగాల్నే తెల్లగుంటడు గద అంకుల్," అంది కాత్యాయని.

"ఇంకా తెల్లబోయిందమ్మా. జేబులు చూసుకున్నాడు, సీటు కింద చూసుకున్నాడు, బిరడా లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అమృతం డబ్బాలోంచి సున్నుండ ఒకటి తీసేను. కన్నంలో పెట్టి బొటనవేలితో నొక్కేను. చుక్క నీరు రాలేదు."

"నా సున్నుండల జోలికి రాకు," అంది అమృతం మూలనుంచి. "నోట్లో పెడితే కరిగిపోతాయి."

"నోట్లో పెట్టినవి కరిగేయి, కన్నంలో పెట్టింది కరగలేదు. అందులో ఏం కలిపేరో చెప్పమని సిమెంటు కంపెనీవాళ్ళు మన ఇంటికొచ్చేరు. నేనే చెప్పలేదు, నీ మర్యాద కాపాడేను. సరే, బస్సు కదిలింది. ముందు చక్రాలు నీళ్ళలో పడ్డాయి, వెనక చక్రాలు ఇంకా ర్యాంపు మీదున్నాయి. సరిగ్గా అప్పుడు రెండు కార్లొచ్చి ఆగేయి. ఒకదాంట్లోంచి రోడ్డాఫీసరు దిగేడు, రెండోదాంట్లోంచి నీళ్ళాఫీసరు దిగేడు. ఇద్దరికీ ఒకే రంగు చొక్కా, ఒకే రకం టోపీ, ఇద్దరికీ మాటలు మాత్రం లేవు. రోడ్డాఫీసరు, 'అందరూ బెల్టులు పెట్టుకోండి, బస్సులో బెల్టు లేకపోతే జరిమానా' అన్నాడు. నీళ్ళాఫీసరు, 'అందరూ బెల్టులు తీసెయ్యండి, మునిగేటప్పుడు బెల్టుంటే మనిషి బయటికి రాలేడు' అన్నాడు."

"ఇద్దరూ కరెక్టే కదా అంకుల్," అన్నాడు చలపతి.

"అదేనయ్యా చిక్కు! ఒక్కడు తప్పు చెప్తే కోర్టుకెళ్ళొచ్చు. ఇద్దరూ ఒప్పే చెప్తే ఎక్కడికెళ్తాం? ముందు వరసలవాళ్ళు తీసేరు, వెనక వరసలవాళ్ళు పెట్టుకున్నారు. గోపాలరావు నడిమి వరస. పెట్టడం, తియ్యడం, పెట్టడం, తియ్యడం, టిక్కు టక్కు టిక్కు టక్కు. టైపు మిషను దగ్గర కూర్చున్నట్టుంది. ఇంతలో నీళ్ళాఫీసరు, 'లైఫ్ జాకెట్లు దగ్గర పెట్టుకోండి, టాపు కింద ఉండగా మాత్రం ఊదొద్దు' అన్నాడు. గోపాలరావు వింటాడా? మాస్టారు కదా, ఒకళ్ళు చెప్తే వినే అలవాటు లేదు. జాకెట్టు తాడు లాగేసేడు. బుస్సుమని ఉబ్బి బూరలా లేచి టాపుకి అతుక్కుపోయేడు. నేనే కాళ్ళు పట్టుకుని కిందికి దించేను. ఈ ముక్క ఆయన పార్కులో చెప్పేడా?"

"లేదు అంకుల్."

"చెప్పడు. అక్కడితో అయిందా? 'లైసెన్సేదీ' అన్నాడు రోడ్డాఫీసరు. డ్రైవరు కుడిజేబులోంచి బస్సు లైసెన్సు తీసేడు. 'లైసెన్సేదీ' అన్నాడు నీళ్ళాఫీసరు. ఎడంజేబులోంచి పడవ లైసెన్సు తీసేడు. 'అయితే వెనక చక్రాలు బస్సు డ్రైవరువి, ముందు చక్రాలు పడవ సరంగువి, మరి స్టీరింగు పట్టుకున్నదెవరు?' అని ఇద్దరూ కలిసి అడిగేరు. జీవితంలో ఆ ఇద్దరూ కలిసి మాట్లాడింది అదొక్కటే. డ్రైవరు స్టీరింగు వదిలేసి చేతులు పైకెత్తేసేడు. అప్పుడు నీళ్ళాఫీసరు ఒక మాటన్నాడు. 'అసలు దీనికి సర్వే అయిందా?'"

ఇక్కడ నేను టీ తాగబోయేను. తాగనిస్తే కదా, "ఊఁ, ఆ తర్వాత?" అన్నాడు చలపతి. ఫోను బల్ల మీద బోర్లించి పెట్టేసేడు. మంచి గుర్తు.

"సర్వే! జన్మంతా గొలుసు లాగినవాడి చెవయ్యా ఇది. ఆ మాట పడ్డాక కూర్చుంటానా? లేచేను. 'సర్వే కావాలా? మనిషి ఇక్కడున్నాడు' అన్నాను."

"అంకుల్, ఒక్క నిమిషం," అన్నాడు కార్తికేయ. "పడవలకి సర్వే అంటే వేరు. పడవ గట్టిగా ఉందా, కన్నాలున్నాయా, పంపులు పనిచేస్తున్నాయా అని చూసి సర్టిఫికెట్ ఇస్తారు. పొలం సర్వే కాదు."

"పొలమైతేనేం, పడవైతేనేం? సర్వే అంటే హద్దు. అక్కడ తగువేమిటి? రోడ్డెక్కడ ఆగింది, నీళ్ళెక్కడ మొదలయ్యేయి. ఇది హద్దు తగువు కాకపోతే మరేమిటయ్యా? మా రాజోల్లో అన్నదమ్ములు కాలవగట్టు దగ్గర ఇలాంటిదానికే తలలు పగలగొట్టుకునేవారు. నువ్వు చదివిన సర్వే పుస్తకంలోది. నేను లాగిన సర్వే బురదలోది. లంగరు గొలుసు ఊడదీసి భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగేను. అలా కొలుచుకుంటూ, కొలుచుకుంటూ, లోపలికి..."

"నీళ్ళ మీద నడిచిండ్రా అంకుల్?" అంది కాత్యాయని.

"తప్పమ్మా. ఆ పని చేసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన మాట ఎత్తకు. నాకు మోకాళ్ళ దాకా వచ్చేయి నీళ్ళు."

"నడిసముద్రంల మోకాళ్ళ దాకనా?"

"నేను పొడుగు కదమ్మా. కొలిచేను. తిరిగొచ్చి, నీళ్ళ అంచున రాయి పాతేను. 'ఇదీ హద్దు. ఇటు రోడ్డాఫీసరు, అటు నీళ్ళాఫీసరు. ఎవడు దాటినా తాసీల్దారుకి చెప్తాను' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోటొచ్చింది. సముద్రం పైకి పొంగింది."

"అయితే హద్దురాయి మునిగిపోయిందన్నమాట," అన్నాడు కార్తికేయ.

"సర్వే రాయిని నీళ్ళు దాటతాయా? రాయి దాకా వచ్చేయి, ఆగేయి. ఇటు పొడి ఇసక, అటు గోడలా నిలబడ్డ నీళ్ళు. చేపలు ఆ గోడకి మూతులు ఆనించి నన్నే చూస్తున్నాయి."

"ఇది సముద్రాన్ని చీల్చిన మోషే కథ," అంది అమృతం, తలెత్తకుండా.

"మోషే చేతిలో కర్ర ఉంది, నా చేతిలో గొలుసుంది. తేడా తెలుసుకో. మరి అన్ని నీళ్ళు ఒకచోట పేరుకుంటే ఊరుకుంటాయా? బస్సుని లాగడం మొదలెట్టేయి. జారుతోంది బస్సు. లోపల ఏడుపులు, ప్రార్థనలు, గోపాలరావు ఎక్కాలు. నేనేం చేసేను? సీటు బెల్టు ఒకటి పీకి, ఒక కొస బస్సుకీ ఒక కొస సర్వే రాయికీ కలిపి, సర్వే ముడి వేసేను. కొబ్బరిచెట్టుకి గొలుసు బిగించడానికి మేం వేసే ముడి అది. వేసినవాడు తప్ప నరమానవుడు విప్పలేడు. సముద్రం అటు లాగుతోంది, ముడి ఇటు లాగుతోంది. చివరికి బస్సు కదల్లేదు, సముద్రమే ఇటు జరిగింది. మర్నాడు టాస్మానియావాళ్ళు ఫోను చేసి, 'మా ఒడ్డున నీళ్ళు తగ్గేయేమిటండీ' అని అడిగేరు. ఈ గొడవేమిటా అని అప్పుడొచ్చింది తిమింగలం."

కార్తికేయ తల పట్టుకున్నాడు. పట్టుకోనీ.

"ఆఫీసర్లిద్దరూ దాన్ని చూసేరు. ఉండేది నీళ్ళలో, పీల్చేది గాలి. ఇదీ రెండు రకాల బండేనన్నారు. రోడ్డాఫీసరు హారన్ కొట్టమన్నాడు, కొట్టింది. రేవులో కార్ల అద్దాలన్నీ పగిలేయి. వీపు మీంచి నీళ్ళు చిమ్మితే, 'దీనికీ బిరడా లేదు' అని రాసుకున్నాడు నీళ్ళాఫీసరు. సున్నుండ ఇంకోటి పెడదామనుకున్నాను, అమృతం ఇవ్వలేదు. ఆఖరికి తోక దగ్గర నంబరు ప్లేటు బిగించి పంపించేరు. చలికాలంలో ఇటొస్తుంది, కావలిస్తే వెళ్ళి చూసుకోండి."

"ఏటేటా రెజో, అదే, బండి రిజిస్ట్రేషను ఫీజు కడుతోందా అంకుల్?" అన్నాడు చలపతి.

"రొయ్యల్లో కడుతోంది. నవ్వకు, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. ఇక్కడి రాజధాని కాన్‌బెర్రా నుంచి పెద్దాఫీసర్లు విమానంలో దిగేరు. 'అయ్యా, మాకు రూలు చెప్పండి, మేం రాసుకుంటాం' అన్నారు. చెప్పేను. నేల మీద బెల్టు ఉండాలి. నీళ్ళ మీద బెల్టు ఉండకూడదు. ఆ రెంటికీ మధ్య ఎలియాజర్ ఉండాలి. రాసుకున్నారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టేరు. చట్టమైపోయింది. ఈ దేశంలో ఏ బాతు బస్సు నీళ్ళలోకి దిగాలన్నా నేను దాంట్లో ఉండి తీరాలి. చూడు చలపతీ, నన్ను వదిలేసి ఆదివారం మీరు వెళ్ళేరంటే అది చట్టవిరుద్ధం. నీ ఉద్యోగానికీ వీసాకీ కూడా మంచిది కాదు. అబద్ధమనుకుంటావేమో, ఆ రోజు వాళ్ళు నాకు బిరుదుగా ఇచ్చిన పటకా ఇదిగో."

సంచీకి కట్టిన నల్ల పటకా చూపించేను.

చలపతి బోర్లించిన ఫోను మళ్ళీ తిప్పి, ఆ పేర్లున్నచోటు తెరిచేడు. బొటనవేలు పైకి లేచింది. నా పేరు ఎక్కించబోతున్నాడు, నేను చూసేను.

అప్పుడు కాత్యాయని, "కథ మస్తుంది అంకుల్. చాయ్ చల్లారిపోయింది, ఇంక చెక్కలియ్యుండ్రి" అంది.

పటకా పట్టుకుని లాగేను. రాలేదు. "కొంచెం గట్టిగా పడిందమ్మా" అని ఇటు తిప్పి లాగేను. అటు తిప్పి లాగేను. పన్ను పెట్టేను. కార్తికేయ స్క్రూడ్రైవరు తెచ్చి పొడిచేడు, స్క్రూడ్రైవరే వంగింది.

"వేసినవాడు తప్ప ఎవరూ విప్పలేరన్నారు కదా అంకుల్," అన్నాడు వాడు. "ఇది వేసిందెవరు?"

"నేనే."

"మరి విప్పండి."

అమృతం స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుంది. "కత్తెర తేమ్మా కాత్యాయనీ," అంది. "ఆ రోజూ ఇంతే."

"ఏ రోజు ఆంటీ?" అన్నాడు చలపతి.

"బస్సెక్కిన రోజే బాబూ. నా బెల్టు బిళ్ళ సరిగ్గా పడటం లేదన్నాను. ఆ పిల్ల, బస్సులో పనిచేసే అమ్మాయి, వచ్చి చూస్తానంది. ఈయన ఆగితేనా? 'ఈ టిక్కు టక్కు బిళ్ళల్ని నమ్మకూడదు' అని నా బెల్టు కొసా తన బెల్టు కొసా కలిపి ముడేసేడు. ర్యాంపు దగ్గర బస్సాపి డ్రైవరు ఏమన్నాడూ? 'అందరూ బెల్టులు తీసెయ్యండి, ఒక్కరికి ఉన్నా నీళ్ళలోకి దించను, అది రూలు' అన్నాడు. అందరూ తీసేరు. మా ఇద్దరిదీ రాలేదు. ఈయన లాగేడు, ఆ పిల్ల లాగింది, డ్రైవరు లాగేడు. గోపాలరావుగారు పన్నుతో పట్టి లాగేరు, పాపం, కట్టుడు పన్ను. ఆఖరికి డ్రైవరు తన సీటు పక్కనుండే కత్తి తెచ్చి కోసేడు. ఈలోపు పోటు తీసేసింది, నీళ్ళు తగ్గి ర్యాంపు కొస బయటపడింది. ఇంక దిగడానికి లేదని బస్సు వెనక్కి తిప్పేసేరు. సముద్రాన్ని కిటికీలోంచి చూసేం. కొత్త చొక్కా తొడుక్కుని ఫొటో దిగుదామని వచ్చిన గోపాలరావుగారు దారంతా కోపంగా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. ఆ కోసిన బెల్టు ముక్కే ఇది. పటకా లేదు, బిరుదూ లేదు."

"మరి తిమింగలం?" అంది కాత్యాయని.

"పార్కింగు దగ్గర సీగల్ పక్షి ఒకటి వచ్చింది. నా చిప్స్ తినేసింది."

అందరూ నవ్వేరు. కార్తికేయ కుర్చీలోంచి జారిపోయేడు. నేను నవ్వలేదు. కాత్యాయని కళ్ళు తుడుచుకుంటూ, "అంటే అంకుల్, బస్సుల మీరు ఆంటీకి బ్రహ్మముడి ఏసిండ్రన్నట్టు!" అంది.

"మాది చర్చి పెళ్ళమ్మా," అన్నాను. "మాకు కొంగుముళ్ళు లేవు."

"అప్పుడు లేని ముడి ఇన్నాళ్ళకి బాతు బస్సులో పడింది," అంది అమృతం. "దాన్నీ కోసి పారేసేరు." కత్తెర తీసుకుంది. ముడి జోలికి వెళ్ళలేదు, ముడి కింద సంచీనే అడ్డంగా కత్తిరించి చెక్కలు పళ్ళెంలో పోసింది. తరవాత చలపతితో, "ఆయన పేరు లేకపోతే నా పేరు కూడా తీసెయ్యి బాబూ" అంది. "సముద్రం నాకు కొత్త కాదు. పక్కన ఈయన వాగకుండా చూడ్డం మాత్రం నాకు చాతకాదు."

చలపతి నా వైపు చూసేడు, ఆవిడ వైపు చూసేడు. "సరే ఆంటీ. కానీ ఒక రూలు. అంకుల్ చెయ్యి బెల్టు మీద పడకూడదు. ఆయన బెల్టు మీరే పెట్టాలి, ర్యాంపు దగ్గర మీరే తియ్యాలి."

"ఆయన చేతులు?" అన్నాడు కార్తికేయ.

"ఆయన చేతుల్లో చెక్కల పళ్ళెం పెడతాను," అంది అమృతం.

నా పేరు ఎక్కించేడు. అందరికన్నా కింద, గోపాలరావు తరవాత. సరే, చదవడానికి కిందే తేలిక.

ఆదివారం వెళ్తున్నాను. అమృతం చెప్పినదాని మీద నేనేమీ అనను, ఆవిడకి తెలిసినంత ఆవిడ చెప్పింది. బాధ గోపాలరావుతోనే. ఊరంతా తిరిగి ఆయన చెప్తున్నదేమిటంటే, అది బూటులేసు ముడనీ, చివరికి డ్రైవరు దాన్ని విప్పేడనీ. ఇదే ఆ తప్పు మాట. విప్పలేదండీ. కోసేరు. పక్కనే కూర్చున్న మనిషి, అందరి ముందూ నా పరువు తీసిన మనిషి, ఆవిడ కూడా కోసేరనే చెప్పింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? విప్పడం వేరు, కొయ్యడం వేరు, ఏలియా, ఎలియాజర్ వేరైనట్టే. సంచీకి వేసిన అదే రకం ముడి, సంచీ మూతితో సహా, ఇప్పటికీ మా వంటింట్లో మేకుకి వేలాడుతోంది, చెక్కుచెదరలేదు, ఎవరైనా వచ్చి విప్పి చూసుకోవచ్చు. నేను చెప్తే ఆయన వినడు. ఇది చదివినవాళ్ళకి ఎవరికైనా ఆయన కనిపిస్తే, బస్సు ఎక్కేలోపు ఆ ఒక్క మాట సరిదిద్దండి.